నామినేషన్ వేయని నాయకురాలు: జపాన్‌లో కిబో నో తో పార్టీ కేస్ స్టడీ

2017 సెప్టెంబరు 25, సోమవారం. తోక్యో గవర్నరు యురికో కోయికే విలేకరుల ముందుకొచ్చి, ఉయెనో జూలో జూన్ నెలలో పుట్టిన పాండా పిల్లకు షాన్ షాన్ అని పేరు పెట్టామని చెప్పారు. ఆ జూ నగర ప్రభుత్వానిది కాబట్టి ఆ పేరు ప్రకటించడం గవర్నరు పనే. అదే రోజు ఆమె ఇంకో పేరు కూడా ప్రకటించారు. కిబో నో తో. కిబో అంటే ఆశ, తో అంటే పార్టీ. దానికి అధ్యక్షురాలిని నేనే అన్నారు. ఆ సాయంత్రం ప్రధాని షింజో అబే దిగువ సభను రద్దు చేస్తున్నానని చెప్పేసరికి, ఆ రోజు వార్తల్లో సగం కోయికే పట్టుకుపోయారు.

నవంబరు 14న ఆమె ఆ అధ్యక్ష పదవి వదిలేశారు. లెక్కపెడితే సరిగ్గా 50 రోజులు. పార్టీ 2018 మే 7 దాకా ఉంది.

నేను ఎన్నికల ప్రచార పనుల్లో ఉంటాను. టికెట్లు ఇవ్వకముందు నియోజకవర్గాలు తిరిగి రిపోర్టు రాయడం, ఇచ్చాక ఎవరు అలిగారో, ఎవరు రెబల్‌గా దిగుతారో లెక్క తీయడం నా పని. కొత్తగా పార్టీ పెట్టాలనుకునేవాళ్లు ఎవరు పిలిచినా వాళ్ల ముందు ఈ కేసు పెడతాను. కోయికే ఒక మాట నోరు జారింది, దాంతో పార్టీ మునిగింది అని మామూలుగా చెప్పేస్తారు. నాకు అది సరిపోయే వివరణగా ఎప్పుడూ అనిపించలేదు. ఆ మాట అనకపోయినా ఈ పార్టీ నిలబడేది కాదనే నా లెక్క. ఎందుకంటే ఇందులో చేరినవాళ్లందరూ తమకున్నదంతా పణం పెట్టారు, అధ్యక్షురాలు మాత్రం పెట్టలేదు.

గాలి నిజమైనదే

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. కోయికేకు వీచిన గాలి కృత్రిమమైనది కాదు. 2016 జులై 31న జరిగిన తోక్యో గవర్నరు ఎన్నికలో కోయికే తన సొంత పార్టీ లిబరల్ డెమోక్రటిక్ పార్టీ (ఎల్డీపీ) మద్దతు లేకుండా దిగి, ఆ పార్టీ నిలబెట్టిన అభ్యర్థిని ఓడించారు. ఆమెకు దాదాపు 29 లక్షల ఓట్లు వచ్చాయి. ఆకుపచ్చ రంగును గుర్తుగా చేసుకున్నారు. ఒంటి మీద ఏదో ఒకటి ఆకుపచ్చగా ఉండేలా చూసుకుని జనం సభలకు వచ్చేవారు. మరుసటి ఏడాది జులై 2న నగర శాసనసభ ఎన్నికల్లో ఆమె స్థానిక పార్టీ తోమిన్ ఫస్ట్ 127 స్థానాల సభలో అతిపెద్ద పార్టీ అయింది. ఎల్డీపీ 57 నుంచి 23కు పడిపోయింది. రాజధానిలోనే పాలక పార్టీకి అంత దెబ్బ తగిలాక, దేశమంతా ఇది సాగదా అన్న ఆశ పుట్టడంలో వింతేమీ లేదు.

ఆమె కొత్త మనిషి కూడా కాదు. కైరో విశ్వవిద్యాలయంలో చదివి, టీవీలో వార్తలు చదివి, 1992లో రాజకీయాల్లోకి వచ్చారు. పర్యావరణ మంత్రిగా, 2007లో జపాన్ తొలి మహిళా రక్షణ మంత్రిగా పనిచేశారు. ఆమె మొదట చేరిన పార్టీ నిహోన్ షింతో, అంటే జపాన్ కొత్త పార్టీ. మోరిహిరో హోసోకవా 1992లో పెట్టిన ఆ పార్టీ 1993 ఎన్నికల్లో 35 స్థానాలు గెలిచింది, దాని నాయకుడు ఏకంగా ప్రధాని అయ్యాడు, 1994 చివరికి పార్టీయే లేదు. ఈ కేసులో ఇంకో ఇద్దరి పేర్లు పదేపదే వస్తాయి: సేయిజి మయెహారా, యుకియో ఎదానో. వాళ్లిద్దరూ 1993లో ఆ పార్టీ నుంచే మొదటిసారి దిగువ సభకు వచ్చారు. కోయికే కూడా ఆ ఏడాదే దిగువ సభలో అడుగుపెట్టారు. పుట్టిన రెండేళ్లకే పోయిన ఒక పార్టీలో ఓనమాలు దిద్దుకున్న ముగ్గురు, పాతికేళ్ల తర్వాత ఇంకో అల్పాయుష్షు పార్టీ చుట్టూ ఒకరికొకరు ఎదురుపడ్డారన్నమాట. ఆ ముగ్గురిలో ఒకరు పార్టీ పెట్టారు, ఒకరు తన పార్టీని తెచ్చి అందులో పోశారు, ఒకరు బయట నిలబడ్డారు.

మూడు రోజుల్లో పెద్ద ప్రతిపక్షం ఖాళీ

మయెహారా అప్పటికి ప్రధాన ప్రతిపక్షం మిన్షింతోకు నాయకుడై నెల కూడా కాలేదు. సెప్టెంబరు 1న ఎదానోను ఓడించి ఆ పదవిలోకి వచ్చాడు. పార్టీ నుంచి ఒక్కొక్కరూ జారిపోతున్నారు. గోషి హోసోనో లాంటివాళ్లు ముందే వెళ్లి కోయికే పక్కన కూర్చున్నారు. మిన్షింతోకు నిధులున్నాయి, జిల్లాల్లో శాఖలున్నాయి, రెంగో అనే పెద్ద కార్మిక సమాఖ్య అండ ఉంది. లేనిది గాలి ఒక్కటే. కోయికేకు గాలి ఉంది, మిగతావేవీ లేవు. సెప్టెంబరు 26 రాత్రి కోయికే, మయెహారా, రెంగో నాయకుడు తోక్యోలో ఒక హోటల్లో కలిశారు. 28న సభ రద్దయిన రోజే మయెహారా తన ఎంపీలందరినీ కూర్చోబెట్టి చెప్పాడు: ఈ ఎన్నికల్లో మన పార్టీ పేరు మీద ఎవరూ పోటీ చేయరు, అందరూ కిబో నో తో టికెట్‌కు దరఖాస్తు పెట్టుకోండి. పేరు వదిలేసి ఫలం దక్కించుకుందాం అన్నాడు. ఎంపీలు ఒప్పుకున్నారు.

ఒప్పుకున్నారనే మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. కారణం ఏమిటంటే, టికెట్ల కాలంలో ఒప్పుకోలు ఎలా ఉంటుందో దగ్గరగా చూశాను. ఒకసారి నేను పనిచేసిన నియోజకవర్గంలో, రాత్రికి రాత్రి పొత్తు కుదిరి సీటు ఇంకో పార్టీకి పోయింది. పొద్దున్నే ఒక మండల నాయకుడి ఇంటికి వెళ్తే, ఆయన అరుగు మీద పాత జెండాలు మడతపెట్టి కట్టలు కడుతున్నాడు. ‘చెప్పినట్టు చేస్తాం, ఎవరి జెండా పట్టుకోమంటే వాళ్లదే పట్టుకుంటాం, కానీ ఇంటింటికీ వెళ్లినప్పుడు ఏమని చెప్పాలో మీరే రాసివ్వండి’ అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. మిన్షింతో ఎంపీలు ఆ రోజు చేతులెత్తింది తమ పార్టీ యథాతథంగా అటు వెళ్తుందనే నమ్మకంతోనే. ఆ నమ్మకం ఒక్క రోజు నిలిచింది.

ఒక మాట, ఒక కాగితం

సెప్టెంబరు 29న విలేకరుల సమావేశంలో ఒక ఫ్రీలాన్స్ విలేకరి కోయికేను అడిగాడు: దరఖాస్తు పెట్టుకున్నవాళ్లను తొలగించరని మయెహారా అంటున్నారు, మీరేమో అందరినీ తీసుకోం అంటున్నారు, మరి ఆయన్ను మోసం చేశారా? ఆమె చిరునవ్వుతోనే జవాబిచ్చారు. తొలగించకపోవడమనేదేమీ ఉండదు, తొలగిస్తాం, వడపోస్తాం అన్నారు. అక్కడ వాడిన జపనీస్ మాట హైజో. అడ్డుగా ఉన్నదాన్ని తీసేయడానికి వాడే మాట అది. మనుషుల గురించి అన్నప్పుడు మన భాషలో ఏరిపారేయడమంత కటువుగా వినిపిస్తుంది. అందరినీ తీసుకునే ఉద్దేశం ఏ కోశానా లేదని అదే రోజు ఇంకో మాట కూడా అన్నారు. ఆ నవ్వూ ఆ మాటా కలిసిన వీడియో ముక్క మూడు వారాలపాటు టీవీల్లో తిరుగుతూనే ఉంది. అది కటువైన మాటేనని తర్వాత ఆమె కూడా ఒప్పుకున్నారు.

మాట కంటే నాకు ముఖ్యంగా కనిపించేది కాగితం. టికెట్ కావాలంటే ఒక విధాన ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టాలి. ఇప్పుడున్న భద్రతా చట్టాలను రాజ్యాంగానికి లోబడి సవ్యంగా అమలు చేయడం, రాజ్యాంగ సవరణకు మద్దతు, విదేశీయులకు స్థానిక ఎన్నికల్లో ఓటు హక్కు వద్దనడం, పార్టీ చెప్పిన మొత్తాన్ని పార్టీకి కట్టడం లాంటి షరతులు అందులో ఉన్నాయి. భద్రతా చట్టాలంటే 2015లో అబే ప్రభుత్వం తెచ్చినవి. దాడి జరిగింది మిత్రదేశం మీదైనా, కొన్ని పరిస్థితుల్లో జపాన్ సైన్యం బలప్రయోగం చేయడానికి దారి తెరిచిన చట్టాలు. ఆ ఏడాది వాటిని ఆపడానికి పార్లమెంటు లోపలా బయటా గొంతు చించుకున్నది ఈ మిన్షింతో మనుషులే. రెండేళ్లు తిరిగేసరికి అదే ఓటరు దగ్గరికి సంతకం పెట్టిన చేత్తో దండం పెట్టుకుంటూ వెళ్లాలి.

మన దగ్గర బీ-ఫారం కోసం ఎదురుచూసిన మనిషిని ఎవరినైనా అడగండి. నామినేషన్ల ముందు వారం రోజుల్లో అభ్యర్థి చేత దేని మీదైనా సంతకం పెట్టించవచ్చు. అది ఒప్పందం కాదు, నిస్సహాయత. జపాన్‌లో నియోజకవర్గానికి పోటీ చేసే ఒక్కో అభ్యర్థి డిపాజిట్టే 30 లక్షల యెన్లు, దామాషా జాబితాలో (పార్టీకి పడ్డ ఓట్ల నిష్పత్తిలో సీట్లు దక్కే జాబితా) కూడా పేరుంటే అది రెట్టింపు. నామినేషన్లకు గడువు అక్టోబరు 10. పాత పార్టీ టికెట్టు ఇవ్వనంటోంది, కొత్త పార్టీ సంతకం అడుగుతోంది. చాలామంది పెట్టారు. అక్టోబరు 3న వచ్చిన మొదటి జాబితాలో 192 పేర్లుంటే, వాటిలో వందకు పైగా మిన్షింతో నుంచి వచ్చినవాళ్లవే.

కొందరు పెట్టలేదు. మాజీ ప్రధానుల స్థాయి వాళ్లు దరఖాస్తు పెట్టుకోకపోతే బాగుంటుందని హోసోనో ముందే అన్నాడు. దానికి మాజీ ప్రధాని యోషిహికో నోదా, ముందుగా పార్టీ వదిలిపోయిన మనిషి కాళ్ల సందున దూరే ఉద్దేశం తనకు ఎంతమాత్రం లేదని చెప్పి స్వతంత్రుడిగా నామినేషన్ వేశాడు. నోదా కూడా 1993లో నిహోన్ షింతో నుంచే మొదటిసారి గెలిచినవాడు.

బయట నిలబడ్డవాడు

ఎదానో 2011 ఫుకుషిమా అణు ప్రమాదం నాటి ప్రభుత్వంలో క్యాబినెట్ ముఖ్య కార్యదర్శి, అంటే ప్రభుత్వం తరఫున విలేకరులతో మాట్లాడే మంత్రి. ఆ రోజుల్లో నీలిరంగు పని దుస్తుల్లో రోజూ టీవీలో కనిపించిన మనిషిగా జనానికి గుర్తు. హైజో మాట తర్వాత, ఎదానో లేచి నిలబడు అనే నినాదం సోషల్ మీడియాలో పాకింది. అక్టోబరు 2న ఆయన రాజ్యాంగ ప్రజాస్వామ్య పార్టీని ప్రకటించారు. జపనీస్‌లో రిక్కెన్ మిన్షుతో. కొద్దిరోజుల్లోనే దాని ట్విటర్ ఖాతాను అనుసరించేవాళ్ల సంఖ్య పాలక ఎల్డీపీని దాటింది. కమ్యూనిస్టు పార్టీ 67 నియోజకవర్గాల్లో తన అభ్యర్థులను వెనక్కి తీసుకుని ప్రతిపక్ష ఓటు చీలకుండా చూసింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఎదానో పార్టీ దగ్గర డబ్బు లేదు, టైము అంతకన్నా లేదు, 78 మంది కంటే ఎక్కువ అభ్యర్థులను నిలబెట్టలేకపోయింది. కానీ ఆ 78 మందికీ ఓటరు గుమ్మం దగ్గర చెప్పడానికి నిన్నటి మాటే ఉంది. కిబో నో తో అభ్యర్థి పోస్టరు మార్చాలి, వ్యాను మీది పేరు మార్చాలి, కరపత్రం మార్చాలి, చివరికి మాట కూడా మార్చాలి. జపాన్‌లో ఓటంటే గుర్తు మీద ముద్ర వేయడం కాదు. పెన్సిల్ తీసుకుని ఒక కాగితం మీద అభ్యర్థి పేరు, ఇంకో కాగితం మీద పార్టీ పేరు ఓటరే సొంతంగా రాయాలి. నెల కూడా నిండని పార్టీ పేరు చేతితో రాయించడం ఎంత పనో మాలాంటివాళ్లకు తెలుసు. ఆ పేరు రాయడానికి ఓటరుకు ఒక ముఖం గుర్తుకు రావాలి. ఆ ముఖం బ్యాలెట్‌లో ఉండాలి.

అక్టోబరు 10

దిగువ సభలో 465 స్థానాలు, మెజారిటీకి 233 కావాలి. కిబో నో తో 235 మందిని నిలబెట్టింది. లెక్క ప్రకారం అధికారానికి పోటీ పడుతున్న పార్టీయే. మరి ప్రధాని ఎవరు? ఆ ప్రశ్నకు జవాబు లేదు. అక్టోబరు 5న మయెహారా స్వయంగా కోయికేను కలిసి మీరు పోటీ చేయండని అడిగాడు. ఆమె ఒప్పుకోలేదు. తన పార్టీని కరిగించి తెచ్చిన మనిషి, ఆ పార్టీ నాయకురాలిని నామినేషన్ వేయమని బతిమాలుకోవాల్సి వచ్చిందంటే, ఆ ఇద్దరి మధ్య ముందుగా ఏం ఖాయం చేసుకున్నారని మయెహారా మీద కూడా నాకు కోపం వస్తుంది. ఎంపీల ముందు ప్రతిపాదన పెట్టకముందే తేల్చుకోవాల్సిన మొదటి విషయం అది.

న్యాయంగా చెప్పాలంటే కోయికే ఇబ్బంది చిన్నది కాదు. గవర్నరై ఏడాది దాటిందంతే. 2020 ఒలింపిక్స్ పనులు నడుస్తున్నాయి, త్సుకిజి చేపల మార్కెట్‌ను తోయొసుకు తరలించే వ్యవహారం ఆమె ఆపించిందే, ఇంకా ముగియలేదు. పదవి వదిలి పార్లమెంటుకు దిగితే తోక్యోను నడిసంద్రంలో వదిలేసిందనేవారు. దిగకపోతే ఇలా అంటున్నాం. కానీ ఈ చిక్కు సెప్టెంబరు 25 ఉదయం కూడా ఉన్నదే. అధ్యక్షురాలిని నేనే అని చెప్పకముందు ఆలోచించాల్సింది. వెనక ఉండి దీవించడం వేరు, పార్టీ పగ్గాలు చేతిలో పెట్టుకుని గవర్నరు కుర్చీలో కూర్చోవడం వేరు. ఆమె రెండోది ఎంచుకున్నారు. అక్టోబరు 5నే తోమిన్ ఫస్ట్‌కు చెందిన ఇద్దరు నగర శాసనసభ్యులు, పార్టీలో నిర్ణయాలు పారదర్శకంగా జరగడం లేదని చెప్పి బయటికొచ్చారు. ఇంటిగోడ కూడా బీటలు వారుతోందని అప్పుడే తెలిసింది.

మరునాడు మేనిఫెస్టో వచ్చింది. వినియోగ పన్ను పెంపు ఆపడం, 2030 నాటికి అణు విద్యుత్తు లేకుండా చేయడం, పెద్ద కంపెనీలు కూడబెట్టుకున్న నిల్వల మీద పన్ను ఆలోచన, వాటితోపాటు పన్నెండు సున్నాలు. కిక్కిరిసిన రైళ్లు సున్నా, పుప్పొడి జలుబు సున్నా, వీధుల్లో కరెంటు స్తంభాలు సున్నా, పెంపుడు జంతువులను చంపడం సున్నా. వీటిలో ఒక్కోటి విడిగా చూస్తే జనం కష్టమే. తోక్యో ఉదయపు రైలు ఎక్కినవాళ్లకు ఆ మొదటి సున్నా విలువ తెలుసు. కానీ నేల మీద పని చేసేవాడికి ఓటరు ఇంటి ముందు రెండు నిమిషాలే దొరుకుతాయి. పన్నెండింటిలో ఏది చెప్పాలి? పైగా ఎదుటివాడు అడిగేది వాటి గురించి కాదు. మీరు పోయినసారి వ్యతిరేకించిన చట్టానికి ఇప్పుడు ఒప్పుకున్నారా అనే.

అక్టోబరు 22

పోలింగ్ రోజు జపాన్ వైపు పెద్ద తుపాను వస్తోంది. కోయికే ఆ రోజు పారిస్‌లో, ప్రపంచ నగరాల పర్యావరణ సమావేశంలో ఉన్నారు. గవర్నరుగా వెళ్లాల్సిన పనే. కానీ ఓట్లు లెక్కపెట్టే రాత్రి టీవీల్లో పార్టీ ఓటమికి జవాబు చెప్పడానికి అధ్యక్షురాలు దేశంలో లేరు. అభ్యర్థులు తమ ఆఫీసుల్లో జనానికి వంగి వంగి క్షమాపణ చెబుతున్నారు. గెలిచినవాళ్ల ఇంట్లో దీపాలు ఆలస్యంగా ఆరుతాయి, ఓడినవాళ్ల ఆఫీసులో మాత్రం నాయకుడు కనబడాలి. ఓడిన రాత్రి నాయకుడు వచ్చి పక్కన కూర్చున్న పార్టీ మళ్లీ లేవడం నేను చూశాను.

అంకెలు ఇలా ఉన్నాయి. ఎల్డీపీకి 284, దాని మిత్రపక్షం కొమెయితోకు 29. రెండూ కలిపి మూడింట రెండొంతులు దాటాయి. 78 మందిని నిలబెట్టిన ఎదానో పార్టీ 15 నుంచి 55కు పెరిగి ప్రధాన ప్రతిపక్షమైంది. 235 మందిని నిలబెట్టిన కిబో నో తో 57 నుంచి 50కి తగ్గింది. ఆ 50లో నియోజకవర్గాల్లో నేరుగా గెలిచినవి 18, మిగతా 32 దామాషా జాబితా నుంచి వచ్చినవి. కోయికే సొంత గడ్డ తోక్యోలో 25 నియోజకవర్గాలుంటే ఒక్కటి గెలిచారు. అదీ మిన్షింతోలో పేరు తెచ్చుకున్న అకిహిసా నగాషిమా గెలిచింది. కోయికే గవర్నరు పదవికి వెళ్తూ ఖాళీ చేసిన తోక్యో పదో నియోజకవర్గంలో ఆమె కుడిభుజం, మాజీ ప్రాసిక్యూటర్ మసారు వకాసా ఓడిపోయాడు. కొన్ని రోజులకే రాజకీయాల నుంచి తప్పుకుంటున్నానన్నాడు.

ఈ అంకెల్లో నా వృత్తి కన్నుకు తగిలేది దామాషా ఓటు. కిబో నో తోకు 96 లక్షలకు పైగా, ఎదానో పార్టీకి 1 కోటి 10 లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. మొత్తం కలిపితే ఎల్డీపీకి వచ్చిన 1 కోటి 85 లక్షల కంటే ఎక్కువ. గాలి పూర్తిగా పోలేదు, రెండు పాయలైంది. నియోజకవర్గాల్లో 48 శాతం కూడా దాటని ఓట్లతో ఎల్డీపీ 289లో 218 గెలుచుకుంది. ఆ చీలికకు గొడ్డలి అందించింది సెప్టెంబరు 29 నాటి వడపోత. వడపోయకపోతే గెలిచేవారా? లేదనే అనుకుంటాను. ఎదానోను, నోదాను తీసుకున్నా ప్రధాని ఎవరనే ప్రశ్న అలాగే ఉండేది. కాకపోతే ఓడినా ఒకే పార్టీగా ఓడేవారు.

సంతకం ఎంతకాలం నిలిచింది

పారిస్‌లో కోయికే ఒక మాట అన్నారు. గవర్నరు ఎన్నికలో, నగర సభ ఎన్నికలో గాజు పైకప్పు పగలగొట్టాననుకున్నాను, ఈసారి ఇనుప పైకప్పు ఉందని తెలిసింది అని. ఆడవాళ్లకు జపాన్ రాజకీయాల్లో ఎదురయ్యే అడ్డంకుల గురించి అది నిజమే, తేలిగ్గా తీసుకునే విషయం కాదు. ఆమె మీద మగ నాయకులూ పత్రికలూ పడిన తీరులో ఆడమనిషి అన్న చిన్నచూపు లేదని నేను అనను. కానీ ఈ ఎన్నికలో ఆమె తల ఆ పైకప్పుకు తగిలే దూరంలో లేదు. ఆమె పోటీలోనే లేరు.

అక్టోబరు 25న పార్టీ ఎంపీల సమావేశంలో ఆమె క్షమాపణ చెప్పారు. నవంబరు 10న పార్లమెంటు పక్షాన సహ అధ్యక్షుడి ఎన్నిక జరిగింది. రెండు సభలూ కలిపి 53 ఓట్లు. యుయిచిరో తమాకికి 39, హిరోషి ఓగుషికి 14. ఇద్దరూ మిన్షింతో నుంచి వచ్చినవాళ్లే. పోటీలో ప్రధానాంశాలు ఏవో చూడండి: భద్రతా చట్టాలు, రాజ్యాంగ సవరణ. ఓగుషి వాటిని వ్యతిరేకిస్తూ నిలబడ్డాడు. టికెట్ కోసం సంతకం పెట్టించుకున్న విషయాలే ఎన్నికైన మూడు వారాలకు పార్టీ లోపల పోటీకి వచ్చాయి. 14 మంది ఆ సంతకాన్ని పక్కన పెట్టారు. ఇంకో నాలుగు రోజులకు కోయికే తప్పుకుని తమాకికి పగ్గాలిచ్చారు.

ఆ తర్వాత చెప్పడానికి పెద్దగా లేదు. ఎగువ సభ సభ్యులతో మిన్షింతో ఇంకా బతికే ఉంది, ఎందుకంటే వాళ్లకు 2017లో ఎన్నిక లేదు. అంటే కిబో నో తోలో కలిసిపోవాల్సిన పార్టీ, దానికి సమానంగా పక్కనే నిలబడి ఉంది. 2018 మే 7న రెండూ కలిసి కొకుమిన్ మిన్షుతోగా, అంటే జాతీయ ప్రజాస్వామ్య పార్టీగా మారాయి. ఆ విలీనం వద్దన్న ఐదుగురు అదే రోజు షిగెఫుమి మత్సుజవా నాయకత్వంలో మళ్లీ కిబో నో తో అనే పేరే పెట్టుకున్నారు. జపాన్ చట్టంలో పార్టీగా లెక్కకు రావడానికి ఒక దారి కనీసం ఐదుగురు ఎంపీలు ఉండటం, సరిగ్గా అంతమందే ఉన్నారు.

2020 జులైలో కోయికే 36 లక్షలకు పైగా ఓట్లతో మళ్లీ తోక్యో గవర్నరయ్యారు.